గుండెకి కట్టని తప్పెట

మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. నేను పుట్టిందీ పెరిగిందీ కలకత్తా దగ్గర హౌరా పక్కనున్న లిలువాలో, పిల్లలకి లెక్కలు చెప్పేది కూడా ఇక్కడి తెలుగు బడిలోనే. అయినా జగ్గమ్మ నాకు అప్పే. ఆ అప్ప మొగుడు గురువులు మా బావ. బావని ఇంకెప్పుడూ ఎవరింటికీ వెంటబెట్టుకెళ్ళనని అప్ప ఒట్టేసుకుంది, ఒక చావు పరామర్శ నుంచి తిరిగొస్తూ.

మా సందులోనే ఒక పెద్దాయన పోయాడు. చాపలు పరిచారు. ఆడవాళ్ళం ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ఆయన భార్య గొంతు ఆర్చుకుపోయేలా ఏడుస్తోంది. బావ మంచం పక్కనున్న పాత రేకు పెట్టె దగ్గర కూర్చున్నాడు. కాసేపు తల వంచుకునే ఉన్నాడు, పాపం. తర్వాత చెయ్యి మెల్లగా పెట్టె మీదికి పాకింది. ముందు ఒక వేలు, తర్వాత రెండు. టక్, టక్. చెవి కూడా వంచాడు.

"ఈ పెట్టి ఎక్కడ కొన్నారమ్మా?" అన్నాడు.

ఆవిడ ఏడుపు ఆపి బావకేసి చూసింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడి గురించి సామెతలో విన్నానే గానీ కళ్ళారా చూడటం అదే మొదలు. అప్ప మొహం మాడిపోయింది. బయటికొచ్చాక బావకి అందనంత ముందు నడిచింది. ఇంటి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "నానింక నీతోటి ఏ గుమ్మమూ తొక్కనయ్యా. పోలమ్మ తల్లి మీద ఒట్టు" అంది.

బావ ఆ మాట విన్నాడో లేదో. గుమ్మం పక్కనున్న నీళ్ళ బకెట్టుని గోటితో కొట్టి చూస్తున్నాడు.

ఇది ఒకరోజు సంగతి కాదు. ఏ వస్తువు లోహంలా కనబడితే దాని మీద బావ వేళ్ళు పడాల్సిందే. మా ఇంటికొస్తే మూకుడు మీద, మిఠాయి కొట్టుకెళ్తే సందేశ్ పళ్ళెం మీద, రోడ్డు మీద ఆగిన టోటో రిక్షా మీద. కొట్టడం, చెవి పెట్టడం, తల అడ్డంగా ఊపడం. ఇంటికొచ్చిన చుట్టాలు తినే పళ్ళేన్ని తినడం అయీ అవకముందే లాక్కుని బోర్లించేవాడు. సందులో బెంగాలీ పిల్లలు ‘టిన్-దాదు’, అంటే రేకు తాత, అని పేరు పెట్టారు. తాతయ్యల్లో ఒకరికి చాక్లెట్ దాదు అని పేరుంటే, మావాడికి ఇదొచ్చింది. మనిషన్నాక ఒక పిచ్చి ఉంటే ఉండొచ్చు. పక్కవాళ్ళ అన్నం పళ్ళెం దాకా రాకూడదు కదా!

బావ వెతుకుతున్నది ఒక తప్పెట పలుకు.

తప్పెట అంటే డప్పు కాదు, తోలుండదు. గుండ్రటి రేకు పళ్ళెం లాంటిది. మెడలోంచి తాడు వేసి గుండెకి బిగించి కట్టుకుని, రెండు చేతుల వేళ్ళతో వాయిస్తూ కాళ్ళ గజ్జెలతో చిందేస్తారు. ఆ తప్పెటగుళ్ళ ఆటంటే మా వైపు ముసలివాళ్ళకి ఇప్పటికీ ఒళ్ళు ఊగుతుంది. బావ తండ్రి పోలయ్య షాలిమార్ గూడ్సు యార్డులో మూటలు మోయడానికి వచ్చినప్పుడు భుజాన ఒక సంచీ, చంకలో ఒక తప్పెట తెచ్చుకున్నాడట. ఏటా పోలమ్మ పండగకి ఆ యార్డు మనుషులంతా కలిసి మా సందులో ఆడేవారు. నేనూ చూశాను, చిన్నప్పుడు. పోలయ్య మామ తప్పెట మోగితే రేకుల ఇళ్ళన్నీ మారు పలికేవి. తర్వాత ఒక్కొక్కరే రాలిపోయారు. పండగకి లారీ మీద పెద్ద పెద్ద సౌండు బాక్సులు వచ్చాయి. పోలయ్య మామ పోయాక ఆ తప్పెట గోనెగుడ్డలో చుట్టుకుని బావ మంచం కింద పడుకుంది.

అది అక్కడున్నన్నాళ్ళూ బావ దాని మొహం చూడలేదు. ఇది నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే తర్వాత సందులో వాళ్ళ మాటలన్నీ మా అప్ప పడింది. హౌరాలో ఒక చిన్న రేకుల కార్ఖానాలో సుత్తి పట్టుకుని ఉద్యోగమంతా వెళ్ళదీశాడు బావ. పొద్దున్న వెళ్తే పొద్దుగూకి రావడం, తిని పడుకోవడం. తప్పెటా లేదు, తాళమూ లేదు. పని మానేసి ఇంట్లో కూర్చున్న కొత్తలో, దుర్గాపూజ ముందు అందరిలాగే అప్పా ఇల్లు దులిపింది. పాత బట్టలూ సామాన్లూ తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆమె సందులోకొచ్చి కేకేసింది. అప్ప పాత ప్యాంట్లు, తిరగని ఫ్యాను, మంచం కింద గోనెలో ఉన్న తుప్పు రేకూ కలిపి ఆమె గంపలో పడేసి ఒక పెద్ద స్టీలు గిన్నె పుచ్చుకుంది. నాకు తెచ్చి చూపించింది కూడా. మంచి గిన్నె.

కొన్నాళ్ళకి బావకి ఏం బుద్ధి పుట్టిందో మంచం కింద వంగి చూశాడు.

అప్ప మీద అరవలేదు. అరిచినా బాగుండేది, అప్ప తిరిగి నాలుగు అనేది, అక్కడితో తీరిపోయేది. "ఏదే అది?" అని అడిగాడు. అప్ప చెప్పింది. చొక్కా తొడుక్కుని బయటికెళ్ళాడు. హౌరాలో ఉన్న పాతసామాన్ల కొట్లన్నీ తిరిగి, దొరక్క, ఒకరోజు సాయంత్రం తిరిగొచ్చి మంచం మీద కూలబడి, "ఇంకోటి సేయించుకుంటాను. అదే పలుకు తెస్తాను" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆ స్టీలు గిన్నెని అప్ప అటక మీద పెట్టేసింది. ఒక్కసారి కూడా పొయ్యెక్కించలేదు.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో స్థిమితం లేదు. బెలీలియస్ రోడ్డులో నిమాయి దాదా అని రేకుపని చేసే బెంగాలీ మనిషి బావకి పాత స్నేహితుడు. బావ రేకు తేవడం, నిమాయి దాదా గుండ్రంగా కోసి అంచు వంచి సుత్తితో సాపు చేయడం, బావ దాన్ని ఇంటికి తెచ్చి గోడ మేకుకి తాడుతో వేలాడదీసి కొట్టడం. చెవి పెట్టడం. తల ఊపడం. ఆవనూనె డబ్బా రేకు అయింది, బిస్కెట్ డబ్బా అయింది, ఖిదిర్‌పూర్ రేవు దగ్గర ఓడ ముక్కలు అమ్మేవాళ్ళ రేకూ అయింది. కుదరనివన్నీ వరండాలో పేరుకున్నాయి. గాలి వీస్తే చాలు, అన్నీ కలిసి గోల.

"ఒకసారి మెళ్ళో కట్టుకుని వాయించి చూడొచ్చు కదా, మేకుకి వేలాడదీస్తే ఏం తెలుస్తుంది?" అని నేనొకసారి అడిగాను.

బావ నాకేసి చూసిన చూపుకి నేను ఏదో బూతు మాట అన్నానేమో అనుకున్నాను.

"తప్పు కిష్ణా. మా అయ్య సెప్పేడు. పలుకు కుదరని తప్పెటకి పూజ సెయ్యకూడదు. పూజ సెయ్యని తప్పెట గుండికి కట్టకూడదు. పోలమ్మ ఊరుకోదు."

"సరే, ఆ పలుకు ఎలా ఉంటుందో చెప్పు. ఖంగుమంటుందా, ఢమ్మంటుందా?"

చెప్పబోయాడు. గొంతు కింద ఎముక మీద చెయ్యి పెట్టుకుని, "ఎలగ సెప్పను పిల్లా... అలగొస్తాది. ఇన్నోడికే తెలస్తాది" అన్నాడు. గొంతు బొంగురుపోయిందేమో అనుకుని మంచినీళ్ళిచ్చాను.

ఒక ఆదివారం అప్ప నన్ను బావకి కాపలాగా పంపించింది. పొద్దున్నే షాలిమార్. స్టేషను బయట పాత ఇనుము కొట్ల వెంట కొట్టుకుంటూ పోయాడు. కొట్టువాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని నవ్వుతున్నారు. నేను గొడుగు వేసుకుని, ఈ మనిషి ఎవరో నాకు తెలియదన్నట్టు పది అడుగులు వెనక నడిచాను. అక్కడ దొరకలేదు. "బడాబజార్ పోదాం" అన్నాడు. లాంచీ ఎక్కాం. లాంచీ కటకటాల మీద టక్ టక్. బడాబజార్‌లో ఇత్తడి వీధి, డబ్బాల వీధి, బుట్టలు మోసేవాళ్ళు తోసేస్తుంటే ఆ వీధి పొడుగునా ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి. భోజనం లేదు. ఒకచోట కచోడీ తిందామంటే కచోడీ వేయించే బాణలి మీద చెయ్యి వేయబోయాడు. తిరుగు మెట్రోలో కూర్చున్నాక కాళ్ళు నొప్పులతో నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం పక్కనున్న స్తంభాన్ని కొడుతున్నాడు, నది కిందనుంచి బండి పోతుంటే.

హౌరా మైదాన్ దగ్గర రోడ్డు దాటుతున్నాం. వెనక టోటో హారన్ కొడుతూనే ఉంది. బావ పక్కకి జరగలేదు. నేను చెయ్యి పట్టి లాగకపోతే మీదకొచ్చేసేదే. టోటో అతను, "పాగోల్ నాకీ, దాదా?" అని అరిచాడు.

"పిచ్చా అని అడుగుతున్నాడు బావా! అంత హారన్ కొడితే వినపడలేదా?"

"ఇనలేదే" అన్నాడు, మామూలుగా. పలుకు ధ్యాసలో పడి వినలేదనుకున్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని దెప్పాను కూడా. ఆయన అదీ వినలేదు.

అప్ప తట్టుకోలేకపోయింది. నాతో కూడా చెప్పకుండా ఒకరోజు తనే బెలీలియస్ రోడ్డుకి వెళ్ళి నిమాయి దాదా ముందు కూర్చుందట. "దాదా, నా సేత్తో పోగొట్టేను, నా సేత్తోనే తెచ్చి ఇయ్యాల. సావుకైనా తెగించి సెయ్యి" అని సగం బెంగాలీ, సగం తెలుగు. ఆయనకి ఏం అర్థమైందో గానీ, ఎక్కడో దాచుకున్న పాత పీపా మూత తీసి రోజుల తరబడి సానబట్టాడు. అయ్యాక తనే టోటోలో పట్టుకొచ్చాడు.

మేకుకి కట్టి నిమాయి దాదాయే ఒక దెబ్బ కొట్టాడు.

నా ఒళ్ళు జలదరించింది. ఇది అతిశయోక్తి కాదు. ఎదురింటి ముసలమ్మ, కళ్ళు కనపడని మనిషి, గోడ పట్టుకుని బయటికొచ్చి, "పోలయ్య వచ్చేడేటి?" అంది. సందులో ముసలివాళ్ళందరూ అదే మాట. అప్ప రెండు చేతులూ గుండెల దగ్గర పట్టుకుని బావకేసి చూస్తోంది. పరీక్ష ఫలితాల దగ్గర నా పిల్లలు అలా నిలబడతారు.

బావ వచ్చాడు. వేళ్ళతో కొట్టాడు. చెవి ఆనించాడు. మళ్ళీ కొట్టాడు. ఒక చెవి కాదు, రెండో చెవి. చాలాసేపు. తర్వాత దాన్ని మేకు నుంచి తీసి వరండాలో మిగతావాటి మీద బోర్లా పెట్టాడు.

"ఇది కాదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "కాదూ? ఊరంతా అవునంటుంటే నీకొక్కడికీ కాదూ? మా అప్పని ఏడిపించడానికే కదా నువ్విలా చేస్తున్నది!" అని నిమాయి దాదా ముందే అరిచేశాను. అప్ప నా చెయ్యి పట్టుకుని ఆపింది. లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది. పొయ్యి మీద ఏమీ పెట్టలేదు.

మా అప్ప కూతురు లక్ష్మీసౌజన్య న్యూ టౌన్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. ఫోనులో ఏం చెప్పినా నాన్న "ఆఁ, ఆఁ" అనే అంటున్నాడని ఆ పిల్లకి అనుమానమొచ్చింది. తన దగ్గర రెండు రోజులు ఉండమని పిలిచింది. మేం ముగ్గురం వెళ్ళాం. లిఫ్టు ఎక్కగానే బావ చెయ్యి స్టీలు గోడ మీదికి వెళ్ళింది.

"నాన్నా ప్లీజ్, అలగ కొట్టకు, గార్డు దాదా సూస్తన్నాడు" అంది సౌజన్య. మర్నాడు టెస్టు అని చెప్పి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడితే బొత్తాం నొక్కమన్నారు. మేం అద్దంలోంచి చూస్తున్నాం. లోపల ఏదో చప్పుడు పోతోందని యంత్రం మీద దీపం వెలుగుతోంది. బావ బొత్తాం మీద వేలు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. దీపం వెలుగుతోంది, ఆరుతోంది. వేలు కదలడం లేదు. అప్ప అద్దం ఇవతల నుంచి "నొక్కయ్యా, నొక్కు" అని గొణుగుతోంది.

సన్నటి పలుకులేవీ ఆయనకి వినపడటం లేదని డాక్టరు చెప్పింది. ఎప్పట్నుంచో లేవట, మిగిలింది కూడా పోతోందట, పోయింది తిరిగి రాదట. యంత్రం పెడితే ఎదుటివాళ్ళ మాట కొంత తెలుస్తుందట.

తిరుగు క్యాబ్‌లో బావ కిటికీలోంచి ఆ ఎత్తు ఎత్తు భవనాలకేసి చూస్తున్నాడు. వేళ్ళు ఒళ్ళో ఉన్నాయి, తలుపు మీదికి పోలేదు. చాలా దూరం వచ్చాక, "అయితే నిమాయి సేసినదానికి పలుకున్నాదేమో" అన్నాడు.

సౌజన్య ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూసింది.

"నాకే ఇనపళ్ళేదు. దానికున్నాది. ముందటివాటికి కూడా ఉన్నాదేమో. ఎన్నింటిని కాదన్నానో!" అని అప్పకేసి తిరిగి, "నాను సచ్చీలోగా ఇంటానని అనుకున్నానే జగ్గమ్మా" అన్నాడు. అప్ప ఆయన చెయ్యి పట్టుకుంది. క్యాబ్ డ్రైవరు ఉన్నాడని కూడా చూడలేదు.

సౌజన్య కొనిచ్చిన యంత్రాలు పెట్టుకుని ఇంటికొచ్చాక బావ ఒక తప్పెట కొట్టి చూశాడు. వంటగదిలో అలమర కూలినట్టు మొహం పెట్టి వాటిని పీకేసి సొరుగులో పడేశాడు. "నాకు పిచ్చి కుదిరిపోనాది. ఇంక ఆ ఊసెత్తను" అని ప్రకటించాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. పొద్దున్న లేచి చూస్తే మావాడు తప్పెటలన్నిటినీ గుడ్డలతో చుడుతున్నాడు, చంటిపిల్లల్ని చుట్టినట్టు. ఒక్కటీ చప్పుడు చేయకూడదట. ఎవరైనా గిన్నె కింద పెడితే ఉలిక్కిపడి చూసేవాడు. చప్పుడు విని కాదు, అప్ప చెయ్యి కదలడం చూసి. టక్ టక్ చప్పుడు లేని ఆ ఇల్లు నాకు భరించరానిదైపోయింది. బడి నుంచి వచ్చేటప్పుడు సందు మొదట్లోనే చెవులు రిక్కించేదాన్ని. ఏమీ వినపడేది కాదు. పోనీ నా మూకుడే పట్టుకెళ్ళి ఆయన ముందు పెడదామా అనిపించేది.

అప్పుడు మళ్ళీ వచ్చింది, ఆ స్టీలు గిన్నెలామె. పూజ ముందు రోజులు, ఇళ్ళు దులిపే రోజులు. గంప నెత్తిన పెట్టుకుని సందులో కేకేస్తోంది. నేను అప్ప గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. బావకి కేక వినపడకపోయినా గంప కనపడింది. లేచి, వరండాలో గుడ్డలు చుట్టిన తప్పెటలన్నీ గోనెలో వేసి ఈడ్చుకుంటూ గుమ్మం దాటించాడు.

"ఇయన్నీ తీసుకోమ్మా. గిన్నెలొద్దు" అన్నాడు.

అప్ప లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. గోనె రెండో కొస పట్టుకుంది. "ఒగ్గీయ్! ఒకసారి నా సేత్తో పోనాది. మళ్ళీ నా గుమ్మంలోంచి పోనియ్యను."

"ఎందుకే ఇంకా? ఎవరికి?"

అప్ప గోనెలో చెయ్యి పెట్టి పైనున్నది, నిమాయి దాదా చివర చేసింది, గుడ్డ విప్పి తీసింది. "కట్టుకో" అంది, బాగా గట్టిగా, పెదాలు కనపడేలా.

బావ వెనక్కి తగ్గాడు. "పూజ నేకండా..."

అప్ప వంటగదిలోకి వెళ్ళింది. పసుపు డబ్బాలో చెయ్యి ముంచి తెచ్చి రేకంతా పులిమింది. కుంకుమ పెట్టింది. "ఇదిగో. అయినాది పూజ."

"పలుకు కుదరకండా పూజేటే! మా అయ్య..."

"పలుకు ఎవరికి కుదరాలయ్యా? ఊరికి కుదిరింది. నీకింక కుదరదు. మీ అయ్య బతికుంటే నాను ఆయన్నే అడుగుదును, సెవులు ఇనపడనోడు ఏటి సెయ్యాలి మావా అని!" అప్ప ఏడుస్తోంది, అరుస్తోంది, రెండూ. ఆయన చెయ్యి చాచలేదు. అంతే, తప్పెట తాడు తన మెడలోనే వేసుకుని, కొసలు వీపు మీదికి లాగి ముడేసుకుంది మా అప్ప. ఆడది తప్పెట కట్టడం మా వైపు ఎవరూ చూసి ఉండరు. ఎదురింటి ముసలమ్మకి కళ్ళు లేకపోవడమే మంచిదైంది. రెండు అరచేతులతో దాన్ని బాదింది. తాళం లేదు, ఏమీ లేదు, ఒట్టి కోపం. ఎవర్ని కొడుతోందో తనకే తెలియాలి.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

గొంతు కింద ఎముక మీద చెయ్యి పెట్టుకుంది. నాకు చెప్పలేక బావ చెయ్యి పెట్టుకున్న చోటే.

"ఓలమ్మో" అంది మెల్లగా. "ఇది లోపలికొస్తంది."

బావకి ఆ మాట వినపడలేదు. అప్ప ఆయన చెయ్యి లాగి తన గొంతు కింద ఎముక మీద ఆనించుకుని, రెండో చేత్తో తప్పెట మీద కొట్టింది. ఒకటి. మళ్ళీ ఒకటి. బావ మొహంలో ఏదో కదిలింది. చెయ్యి తీయలేదు. ఇంకోటి కొట్టమన్నట్టు తలాడించాడు. అప్ప కొట్టింది.

ఆయన అప్ప వీపు మీద ముడి విప్పాడు. తాడు తన మెళ్ళో వేసుకున్నాడు. అప్ప వెనక్కెళ్ళి బిగించి కట్టింది, గుండెకి గాలి దూరనంత బిగువుగా. బావ కళ్ళు మూసుకుని వేళ్ళు ఆనించాడు. మొదటి దరువు మెల్లగా. రెండోది కొంచెం గట్టిగా. మూడోదానికి కాళ్ళు కదిలాయి.

"ఇదేనే" అన్నాడు. "ఇదే. పండగనాడు మా అయ్య తన తప్పెట నా గుండికి కట్టి ఆడించీసేడే, నానప్పుడు ఇంత గుంటణ్ణి. అప్పుడిలాగే వచ్చింది. ఇదే!"

నేను చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి ఏడ్చాను, సిగ్గు లేకుండా. పిచ్చి మారాజు! గుండెకి కట్టుకుని విన్నదాన్ని ఇన్నాళ్ళూ మేకుకి వేలాడదీసి వెతికాడు. తండ్రి మాట జవదాటకూడదని వెతికాడు. ఆ తండ్రేమో పసివాడు ముచ్చటపడ్డాడని పూజ చేసిన తప్పెటని ఆటకి కట్టినట్టున్నాడు. స్టీలు గిన్నెలామె గంప దింపి, మా గుమ్మం మీదే కూర్చుని, తల ఊపుతూ వింది.

ఇది జరిగిన ఏడాదికి బావకి మిగిలిన వినికిడి కూడా దాదాపు పోయింది. అయితేనేం, రోజూ పొద్దున్నే తప్పెట కట్టుకుని వరండాలో నిలబడతాడు. ఆయనకి అంతా వినపడుతోంది, చెవులు చిల్లులు పడుతున్నది మాకు. పక్కింటి బెంగాలీ మాస్టారు రెండుసార్లు వచ్చి చేతులు జోడించి వెళ్ళాడు. పరామర్శలకీ పేరంటాలకీ అప్ప ఒట్టు గట్టున పెట్టి బావని మళ్ళీ వెంటబెట్టుకెళ్తోంది. ఆయన వేళ్ళు ఎవరి పళ్ళెం మీదికీ పోవడం లేదు. అటక మీది గిన్నె దించి అప్ప అందులో అన్నం వండుతోంది. పెద్ద గిన్నె కదా, నాకూ కలిపి వండేస్తుంది.

భోజనానికి పిలవాలంటే ఇప్పుడు అప్ప అరవదు. దగ్గరికెళ్ళి బావ గుండె మీద రెండు వేళ్ళతో టక్ టక్ మని కొడుతుంది.

"ఆఁ, ఇనపడ్డాదే" అంటాడు బావ.